పచ్చకొండ ముసుగు

ఆ ఎండాకాలం మా సందులో నెట్ సెంటర్లు నడిపే వాళ్ళందరికీ ఒకటే జబ్బు. లారీ బ్రేకు కీచుమంటే చాలు, గుండెలు నోట్లోకి వచ్చేవి. కాలేజీ వెనక ఆ ఇరుకు సందులో అన్నీ నెట్ సెంటర్లే. మామూలు రోజుల్లో ఒకరి మొహం ఒకరికి పడదు. ఎదుటివాడు రేటు తగ్గించాడని తగవు, మన బోర్డు మీద వాడి బోర్డు నీడ పడిందని తగవు. అలాంటి వాళ్ళం ఆ నెలల్లో ఒక్క కుటుంబం అయిపోయాం. భయం కలిపినంత చుట్టరికం పెళ్ళిళ్ళు కూడా కలపవు.

పోలీసులు ఊరూరా తిరిగి దొంగ విండోస్ ఉన్న కంప్యూటర్లని లారీకెత్తుకు పోతున్నారు. ఆ రోజుల్లో మా జావా దీవిలో, మలాంగ్‌లో దొంగది కానిది ఎవరి దగ్గరుంది కనక? కంప్యూటరు కొన్న చోటే, అడక్కుండానే, కూరలమ్మి కొత్తిమీర కొసరేసినట్టు వేసిచ్చేవాళ్ళు. అది దొంగతనమని మాకు పోలీసులు చెప్పేదాకా తట్టలేదు.

ఎవరికి ముందు తెలిస్తే వాళ్ళు మిగతా వాళ్ళకి ఫోన్లో మెసేజ్ పెట్టాలని ఒప్పందం చేసుకున్నాం. ఉన్నదున్నట్టు రాస్తే ఎవరి కంట పడుతుందోనని "వియ్యాలవారు బయల్దేరారు" అని రాసేవాళ్ళం. ఆ ముక్క రాగానే సందంతా షట్టర్లు దభీదభీమని దిగేవి.

ఒక మధ్యాహ్నం అలాగే మెసేజ్ వచ్చింది. మా ఆయన జర్వో కౌంటర్ దగ్గర్నుంచి లేచిన వాడు లేచినట్టే షట్టర్ లాగేశాడు. లోపల పది మందికి పైగా కుర్రాళ్ళు. తుపాకుల ఆట మధ్యలో ఉన్నారు.

"అన్నా, ఏంటిది? ఇప్పుడే గెలవబోతున్నా!" అన్నాడొకడు.

"నోర్ముయ్! ఊపిరి కూడా మెల్లగా పీల్చు" అన్నాడు ఆయన.

బయట మా అత్తయ్య పొయ్యి దగ్గరే ఉంది. సెంటరు ముందు ఆవిడ పులియబెట్టిన సోయాగింజల టెంపే బజ్జీలు, అరటిపండు బజ్జీలు వేస్తుంది. సందులోకి ఎవరొచ్చినా ముందు ఆవిడ గరిట దాటి రావాలి. లారీ ఒకటి వచ్చి ఆగిన చప్పుడు వినబడింది. మనుషులు దిగారు. ఇనప రాడ్లు కింద పడ్డట్టు మోత. ఆయన కౌంటర్ కింద దూరి మోకాళ్ళ మధ్య తల పెట్టుకు కూర్చున్నాడు. ముప్ఫై దాటిన మనిషి, నా మొగుడు, అలా కూర్చోవడం కుర్రాళ్ళందరూ చూశారు.

కాసేపటికి అత్తయ్య షట్టర్ మీద గరిటతో కొట్టింది. "తియ్యండిరా! పెళ్ళి పందిరి వాళ్ళు. చివరింటి వాళ్ళకి పందిరి వేస్తున్నారు. మెసేజీలో నిజమే రాసినట్టున్నాడు వెధవ!"

కుర్రాళ్ళు పొట్టలు పట్టుకు నవ్వారు. ఆయన నవ్వలేదు. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతూ ఉండిపోయాడు.

ఆయన్ని అనడానికీ లేదు. అంతకు ముందే సురబయ నగరంలో ఆయన అన్న మార్నో సెంటరు మీద పోలీసులు పడ్డారు. కంప్యూటర్లన్నీ పోయాయి, అది సరే. మర్నాడు పేపర్లో మా బావగారి ఫోటో వేశారు. చొక్కా ఎత్తి మొహం కప్పుకుని, బెంచీ మీద. పెళ్ళిళ్ళలో అందరికీ వంగి వంగి దణ్ణాలు పెట్టే మనిషి. ఆ ఫోటో చూసినప్పటి నుంచీ మా ఆయనకి కూడా చొక్కా కాలరు సర్దుకోవడం అలవాటైంది. మాట్లాడుతూ మాట్లాడుతూ కాలరు పట్టుకుని పైకి లాక్కునేవాడు.

"ఏమండీ, దొంగది తీసేద్దాం. ఊరికే దొరికేది ఏదో ఉందటగా, లైనక్స్. అది పెట్టుకుందాం" అన్నాను.

"దాంట్లో ఆటలు ఆడవు వెనింగ్. ఆటలు లేకపోతే మన దగ్గరికి ఎవడొస్తాడు?"

"మీరు కౌంటర్ కింద దాక్కునే సెంటరుకి ఎవడొస్తాడు?"

అనకుండా ఉండాల్సింది. కానీ ఆ మాటకే ఆయన కదిలాడు.

---

తోగర్ సముద్రం అవతల మెడాన్ వైపు నుంచి చదువుకోడానికొచ్చిన కుర్రాడు, బతక్ జాతివాడు. మేం జావా వాళ్ళం "కాదు" అనడానికి కూడా చిన్నగా నవ్వి, తల వంచి, టీ ఇచ్చి, ఆ తర్వాత మాట మారుస్తాం. తోగర్‌కి అవేం తెలియవు. కాదంటే కాదే, అదీ వీధి చివరి దాకా వినపడేలా. ఊళ్ళో లైనక్స్ వాళ్ళ సంఘం ఒకటుంది. ఆదివారాలు ఎవరి కంప్యూటరైనా పట్టుకెళ్తే ఉచితంగా ఎక్కించి, కాఫీ తాగించి పంపేవాళ్ళు. వాడు దాంట్లో ముఖ్యుడు.

వాడు వచ్చి మా పన్నెండు పెట్టెల్లో దొంగది తుడిచేసి కొత్తది ఎక్కించాడు. దాంట్లో నడిచే తుపాకుల ఆట కూడా ఒకటి వెతికి పెట్టాడు. సాయంత్రానికి అన్ని తెరలూ వెలిగాయి. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇక ఎవరొచ్చినా భయం లేదు అనుకున్నాను.

మర్నాడు కుర్రాళ్ళు వచ్చారు. ఆట తెరిచారు. తెర మీద మనిషి ఒక అడుగు వేసి, ఆగి, ఆలోచించుకుని, రెండో అడుగు వేస్తున్నాడు.

"అన్నా, వీడికి మోకాళ్ళ నొప్పులా?" అన్నాడొకడు. "నన్ను కాల్చిన గుండు ఇంకా దారిలోనే ఉంది. ఈలోపు ఇంటికెళ్ళి అన్నం తినొస్తా" అన్నాడింకొకడు. వెళ్ళినవాడు మళ్ళీ రాలేదు.

జర్వో మొహం మాడిపోయింది. అంతకు ముందు ఏడే మంచి వీడియో కార్డులు కొని పెట్టెలన్నిటికీ పెట్టించాడు. బొమ్మలు పరిగెత్తాలంటే ఆ కార్డు పని చెయ్యాలి. మా సెంటరుకున్న గొప్పంతా అవే.

"కార్డు ఉందిగదరా తోగర్! ఎందుకు పని చెయ్యదు?"

"కార్డుకి మన భాష రాదన్నా" అన్నాడు తోగర్ బజ్జీ నములుతూ. "మధ్యలో డ్రైవర్ అని ఒకటుండాలి. మనవాళ్ళు సొంతంగా రాసినది బొమ్మ చూపిస్తుందంతే, పరిగెత్తించలేదు. పరిగెత్తించేది కార్డు కంపెనీ దగ్గరుంది. కానీ లోపల ఏముందో చెప్పరు. మీ అమ్మ బజ్జీలిచ్చినట్టు ఇస్తారు. తినమంటారు, పిండి ఎలా కలిపారో మాత్రం చెప్పరు."

"నేనెందుకు చెప్తాన్రా? చెప్తే నువ్వు ఎదురుగా కొట్టు పెడతావు!" అంది అత్తయ్య బయట నుంచి.

"అదే కంపెనీ వాళ్ళూ అంటున్నారు, బామ్మా!"

కంపెనీ డ్రైవర్ పెట్టాడు. ఆట పరిగెత్తింది. కుర్రాళ్ళు ఒక్కొక్కరే తిరిగొచ్చారు. కానీ తోగర్ వెళ్ళబోతూ వేలు చూపించి మరీ చెప్పాడు.

"అన్నా, ఇది మూసిన డబ్బా. అడుగున సిస్టం ఏమాత్రం మారినా దీనికి పడదు. మళ్ళీ కూర్చోబెట్టాలి. కూర్చోబెట్టకుండా పెట్టె ఆపి మళ్ళీ వేశారో, తెర నల్లగా పోతుంది. తెల్లక్షరాలు తప్ప ఏమీ ఉండవు. అందుకని ఏం అడిగినా వద్దను. కొత్తవి వచ్చాయి, తీసుకుంటావా అంటే వద్దను. నేను లేనప్పుడు దేనికీ ఊ కొట్టకు."

"అలాగే."

"ఇంకోటి. అందరూ వచ్చి ఈ తెర చూసి ఇదేంటి, నొక్కే బొత్తాం ఎక్కడంటున్నారు. నేర్పించండి. వారంలో నేర్చుకుంటారు."

జర్వో కాలరు సర్దుకున్నాడు. "నేర్పించేలోగా పక్క సెంటరుకి పోతారు. చూడ్డానికి విండోస్‌లా చెయ్యలేవా? ఆ పచ్చకొండ, నీలం ఆకాశం, కింద మూల ఆ బొత్తాం. అచ్చం అలాగే."

తోగర్ నమలడం ఆపేశాడు. "సొంత మొహం ఉండగా దొంగ మొహం పెట్టుకుంటావా? పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టుంది."

"చెయ్యగలవా లేవా?"

చేశాడు. కోపం మీద చేశాడేమో, వెంట్రుక వాసి తేడా లేకుండా చేశాడు. బొత్తాం, దాంట్లో పేర్లు, చెత్తబుట్ట బొమ్మ, అన్నీ. పన్నెండు తెరల మీద పన్నెండు పచ్చకొండలు. మొదటిసారి చూసినప్పుడు, ఎందుకో, నాకే మళ్ళీ దొంగసరుకు ఇంట్లోకొచ్చినట్టనిపించింది. పైకి అనలేదు.

---

ఎండలు ముదిరిన నెల మధ్యలో తోగర్ వాళ్ళ ఊరెళ్ళాడు. వాళ్ళలో తాత ముత్తాతల ఎముకలు గోతిలోంచి పైకి తీసి, కడిగి, కొత్త గూటిలో పెట్టే వేడుక ఉంటుంది. వంశమంతా చేరాలి. పెద్ద చెరువు మధ్య దీవిలో ఊరు, ఫోను అందదు. "చచ్చినవాళ్ళ పని అన్నా, బతికున్నవాళ్ళు ఎంత మొత్తుకున్నా మధ్యలో రాలేను" అని చెప్పే వెళ్ళాడు.

వాడు వెళ్ళిన కొద్ది రోజులకే తెరల మూల చిన్న గుర్తొకటి వచ్చింది. నేను బజారు నుంచి వచ్చేసరికి మా ఆయన వరసగా పెట్టె తరవాత పెట్టె దగ్గరికెళ్ళి ఏదో నొక్కుతున్నాడు. మొహంలో ఎన్నాళ్ళకో కాస్త తేట కనిపించింది.

"ఏం చేస్తున్నారు?"

"భద్రత కోసమట వెనింగ్. 'భద్రతకు సంబంధించిన మార్పులు వచ్చాయి, తీసుకుంటారా' అని అడుగుతోంది. అన్నిటికీ ఊ కొట్టేశా. ఇప్పుడు మనం గట్టిగా ఉన్నాం."

నా చేతిలో సంచీ జారిపోయింది. దేనికి ఊ కొట్టొద్దని తోగర్ వేలు చూపించాడో దానికే కొట్టాడు. ఆటకి ఊ కొట్టమంటే కొట్టేవాడు కాదు, బొమ్మలకి కొట్టేవాడు కాదు. భద్రత అన్న ముక్క చూశాడు. అంతే. మునిగేవాడికి గడ్డిపోచ దొరికినట్టు పట్టుకున్నాడు.

ఒక పెట్టె ఆపి మళ్ళీ వేసి చూశాం. తెల్లక్షరాలు జరజరా పరిగెత్తాయి. తెర రెండుసార్లు మిణుకుమంది. తర్వాత నలుపు. ఆ నలుపులో కింద ఒక చిన్న గీత కొట్టుకుంటూ ఉంది.

మిగతావి ఆపకపోతే నడుస్తాయి. ఆపితే అంతే సంగతులు. ఆ రోజు నుంచి మేం కంప్యూటర్లు ఆపలేదు. పగలూ రాత్రీ నడుస్తూనే ఉన్నాయి. లోపల పొయ్యి దగ్గర కూర్చున్నట్టు వేడి. ఎవరి కాలైనా తీగకి తగులుతుందేమోనని తీగలన్నీ గోడకి మేకులేసి కట్టాను. నల్లబడ్డ దాని మీద బల్లగుడ్డ కప్పి 'పని చెయ్యదు' అని అట్టముక్క పెట్టాను. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారే, ఆ రెంటి మధ్యా మా పదకొండు పచ్చకొండలు.

ఆ ఎండల్లో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. ఒక పగలు బల్బు ఒక్కసారి చిన్నబోయింది. ఫ్యాను రెక్కలు మెల్లబడ్డాయి. ఆయనా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మళ్ళీ బల్బు వెలిగింది. ఆయన కూలబడి, "వెనింగ్, నాకు పోలీసులొస్తారని భయం. రాకపోతే తెర పోతుందని భయం. రెండూ లేనప్పుడు, రెండూ ఎందుకు లేవా అని భయం. నాకు పిచ్చెక్కుతోందా?" అన్నాడు.

"పడుకోండి కాసేపు" అన్నాను. నాకేం తెలుసు? నాకూ అలాగే ఉంది. కాకపోతే ఇద్దరం ఒకేసారి భయపడితే బజ్జీల పిండి ఎవరు రుబ్బుతారు?

---

వాళ్ళు వచ్చిన రోజు మెసేజ్ రాలేదు. వియ్యాలవారు చెప్పకుండా వచ్చారు.

పొద్దున్నే, ఇంకా రద్దీ మొదలుకాలేదు. మూలన ఇద్దరు ఆడపిల్లలు ఏదో రాసుకుంటున్నారు. నేను కౌంటర్ దగ్గర చిల్లర సర్దుతున్నాను. ఆయన లోపలి గుమ్మంలో నిలబడి కాఫీ తాగుతున్నాడు. అక్కడి నుంచి వంటిల్లు, వంటింటి వెనక తలుపు, తలుపవతల చిన్న గోడ, గోడవతల ఏరు. లారీ బ్రేకు కీచుమంది. నేను తలెత్తేసరికి ఖాకీ బట్టలు కనిపించాయి.

వెనక్కి తిరిగాను. ఆయన నన్ను చూశాడు. ఒక్కసారే. కాఫీ కప్పు జాగ్రత్తగా, చప్పుడు కాకుండా, గుమ్మం పక్క బల్ల మీద పెట్టాడు. వంటింట్లో తలుపు గడియ తీసిన శబ్దం. ఆ తర్వాత గోడ మీంచి ఏదో పెంకు జారి పగిలింది.

మా దగ్గర దొంగసరుకు ఒక్క ముక్క లేదు. ఆ సందు మొత్తంలో తల ఎత్తుకు నిలబడగలిగిన మనిషి ఆయనొక్కడే. ఆయనే పరిగెత్తాడు.

"ఎవరా పరిగెత్తింది?" అన్నాడు ముందొచ్చిన అధికారి. పెద్దాయన, గట్టిగా మాట్లాడే రకం కాదు. అదే ఎక్కువ భయం వేసింది.

"మా... మా ఆయన."

"యజమానేనా?"

తల ఊపాను.

అధికారి వెంట మామూలు బట్టల్లో ఒక కుర్రాడున్నాడు, పరీక్షించేవాడు. వరసగా పెట్టెల పక్కలు తడిమి చూశాడు. అసలు సరుకైతే అక్కడ మెరిసే బిళ్ళ అంటించి ఉంటుంది. "ఒక్కదానికీ బిళ్ళ లేదు సార్" అన్నాడు. తెర చూశాడు. కొండ, ఆకాశం. బొత్తాం నొక్కాడు. పేర్లన్నీ తోగర్ పెట్టినవి, ఎక్కడివక్కడ. "అన్నీ విండోసే సార్."

"కాదండీ. అది లైనక్స్ అండీ. పైకి అలా కనబడుతుందంతే" అన్నాను. నాకే వినబడనంత మెల్లగా.

అధికారి నన్నూ తెరనూ మార్చి మార్చి చూశాడు. "అమ్మా, నాకు కళ్ళు కనబడవనుకుంటున్నావా? విండోస్ కాకపోతే విండోస్‌లా ఎందుకుంటుంది? తప్పు చెయ్యకపోతే నీ మొగుడు గోడెందుకు దూకుతాడు?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడు మావాడు. ఇక నేనేం చెప్పను? తోగర్ ఎక్కడో చెరువు మధ్య తాత ఎముకలు కడుగుతున్నాడు. పేరు తప్ప నాకా సిస్టం గురించి ఏం తెలుసు? ఆడపిల్లలిద్దరూ సంచీలు పట్టుకుని గోడకంటుకుపోయారు. బయట నూనెలో ఏదో మాడుతున్న వాసన. అత్తయ్య గరిట కదపడం మర్చిపోయింది.

"ఎత్తండి" అన్నాడు అధికారి. ఒక కానిస్టేబుల్ వంగి మొదటి పెట్టె తీగ పట్టుకున్నాడు. నేను మేకులేసి కట్టిన తీగ. ఒక పట్టాన ఊడలేదు.

ఆ తీగతో అతను అవస్థ పడుతుంటే మా బావగారి ఫోటో నా కళ్ళ ముందుకొచ్చింది. చొక్కా కప్పుకున్న ఆ తల. చొక్కా తీస్తే కింద ఉన్నది మా ఆయనే.

"సార్" అన్నాను. "తీసుకెళ్తే తీసుకెళ్ళండి. ఎత్తే ముందు ఒక్కసారి దాన్ని ఆపి, మళ్ళీ వెయ్యండి. అంతే అడుగుతున్నా."

"ఎందుకు?"

"చూడండి సార్. దణ్ణం పెడతా."

కుర్రాడు ఆపాడు. పచ్చకొండ మాయమైంది. ఇన్ని రోజులూ ఏది జరగకూడదని కరెంటు తీగలకి మొక్కానో, దాన్నే నోరు తెరిచి అడిగాను. ఇక ఇది మళ్ళీ వెలగదు.

తెల్లక్షరాలు పరిగెత్తాయి. తెర మిణుకుమంది. ఇంకోసారి మిణుకుమంది. నలుపు.

కుర్రాడు వంగి చదివాడు. "తెర దొరకలేదని రాసింది సార్."

"ఎదురుగా ఉన్నదేంటి మరి?" అన్నాడు అధికారి.

"అదే సార్ మా జబ్బు" అన్నాను. ఎలా వచ్చిందో, గొంతు వచ్చింది. "ఆ వీడియో కార్డుకీ ఈ లైనక్స్‌కీ పడదు. బతిమాలి కలిపి పెట్టాలి. చీటికీ మాటికీ విడిపోతాయి. పెట్టే కుర్రాడు ఊళ్ళో లేడు. విండోస్‌కి ఈ జబ్బు లేదు సార్. దొంగిలించి తెచ్చుకునేదైతే రోగం లేనిదే తెచ్చుకుంటాం కదా!"

ముందు నవ్వింది ఆ కుర్రాడే. "నిజమే సార్. మా కాలేజీలో కూడా ఇదే గోల. ఇది లైనక్సే."

అధికారి అంత తేలిగ్గా నమ్మలేదు. "అది ఆపు" అని ఇంకోటి చూపించాడు. నలుపు. ఆ చివరిది. నలుపు. బల్లగుడ్డ లాగాడు. దాని కిందా నలుపే. ఒక్కొక్క కొండా ఆరిపోతుంటే గదిలో వెలుతురు కూడా తగ్గుతూ వచ్చింది. చివరికి పన్నెండు నల్లతెరలు, పన్నెండు చిన్న గీతలు కొట్టుకుంటూ. మా జీవనమంతా అలా ఆరిపోతుంటే లోపల హమ్మయ్య అనుకుంటున్నాను. అంత వింత సంతోషం నాకు మళ్ళీ ఎప్పుడూ కలగలేదు.

"సరే" అన్నాడు అధికారి. వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగాడు. "అన్నీ సరే. మరి మీ ఆయన ఎందుకు పారిపోయాడు?"

అత్తయ్య గరిట పట్టుకునే లేచి నిలబడింది.

"వాడంతే సారూ. చిన్నప్పుడు బడికి టీకాలేసేవాళ్ళొచ్చినా గోడ దూకేవాడు. మేస్టారు మీసాలు చూసి లాగు తడుపుకునేవాడు. పిరికి పుటక. నా కడుపున అలా పుట్టాడు. బజ్జీలు తినండి సారూ, వేడిగా ఉన్నాయి."

పోలీసులు నవ్వారు. నిలబడే తలో బజ్జీ తిని లారీ ఎక్కారు. లారీ సందు తిరిగేదాకా అత్తయ్య నవ్వుతూనే ఉంది. తిరిగాక గరిట కింద పడేసి ముక్కు చీదింది.

"ఒక్క టీకాకీ ఏడవలేదే వాడు" అంది. "వాళ్ళ నాన్న పోయిన రోజు కూడా తమ్ముళ్ళని వాడే ఎత్తుకున్నాడు. నా నోటితో నేనే నా బిడ్డని నవ్వులపాలు చేశాను."

---

ఆయన పొద్దు వాలుతుండగా వచ్చాడు. మోకాళ్ళ దాకా ఏటి బురద. వెనక తలుపులోంచే వచ్చాడు. సెంటరు గుమ్మంలో నిలబడి చీకట్లో ఆ నల్లతెరల్ని చూశాడు. అలాగే గోడకి జారిపోయాడు.

"అన్నీ పోయాయా?"

"ఏదీ పోలేదు. తోగర్ వస్తే వెలుగుతాయి."

"వాళ్ళు... నిన్ను ఏమైనా అన్నారా?"

"లేదు."

జరిగింది చెప్పాను. టీకాల మాట చెప్పలేదు. ఆయన వింటూ ఉన్నాడు. పొద్దున ఆయన పెట్టిన కాఫీ కప్పు ఆ బల్ల మీదే ఉంది, చీమలు పట్టి. ఇంతలో అత్తయ్య వచ్చి ఆయన ముందు అన్నం పళ్ళెం పెట్టింది, సంబల్ పచ్చడి, రెండు బజ్జీలు. "తిను" అంది. తల మీద ఒక్కసారి చెయ్యి వేసి వెళ్ళిపోయింది.

నాకు కోపం వచ్చింది. రాలేదని ఎందుకు చెప్పాలి? ఆ చూపు, కప్పు చప్పుడు కాకుండా పెట్టిన ఆ జాగ్రత్త, అవి గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు చల్లబడుతుంది. లోపలి గుమ్మం దగ్గర నేనుండి, కౌంటర్ దగ్గర ఆయనుంటే నేనే పరిగెత్తేదాన్నేమో కూడా. కానీ ఉన్నది నేను కాదు.

మర్నాడు పొద్దున్నే ఆయన ఎక్కడి నుంచో ఇటుకలు తెచ్చాడు. సిమెంటు కలిపాడు. వంటింటి వెనక తలుపు రెక్కలు ఊడదీసి, ఆ ఖాళీని తన చేతులతోనే కట్టేశాడు. అత్తయ్య వచ్చి చూసింది. "వంటింట్లోంచి పొగ ఎటు పోతుందిరా?" అనబోయి, నా మొహం చూసి ఊరుకుంది.

తోగర్ వచ్చాడు, డ్రైవర్లు మళ్ళీ కూర్చోబెట్టాడు. కొండలు తీసెయ్యమన్నాను. "ఇప్పటికి బుద్ధొచ్చిందా అక్కా?" అన్నాడు. కొంతమంది కుర్రాళ్ళు వెళ్ళిపోయారు, కొంతమంది నేర్చుకున్నారు. కౌంటర్ దగ్గర నేనే కూర్చోవడం మొదలుపెట్టాను. ఎవరూ అనుకుని చేసింది కాదు. ఆయన తీగలు చూసుకునేవాడు, పిండి రుబ్బేవాడు. కాలరు సర్దుకోవడం మాత్రం పోలేదు.

తొలి వానకి ముందు రోజుల్లో ఒక పగలు సందులో లారీ ఆగింది. బ్రేకు కీచుమంది. నేను ఆయన వైపే చూశాను, వీధి వైపు కాదు. ఆ రోజు నుంచీ నాకదే అలవాటు. ఆయన చటుక్కున లేచాడు. వంటింటి వైపు రెండు మూడడుగులు వేశాడు. ఆగాడు. ఎదురుగా తను కట్టిన గోడ, ఇంకా సున్నం కూడా వెయ్యనిది.

కాసేపు గోడనే చూస్తూ నిలబడి, వెనక్కి తిరిగి, మెల్లగా నడిచొచ్చి కౌంటర్ వెనక నా పక్కన నిలబడ్డాడు. బల్ల కింద నా చెయ్యి పట్టుకున్నాడు. ఆ చెయ్యి మంచులా ఉంది. వదల్లేదు.

"వాళ్ళేనా?" అన్నాడు.

"కాదు" అన్నాను. "ఐసు లారీ."